టైటానియం పాకెట్ మిల్లింగ్: స్పీడ్ తగ్గించినా ఎండ్ మిల్ ఎందుకు పోతోంది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెబుతాను. నా సమాధానం అంతా మీరిచ్చిన నంబర్ల మీదే నడుస్తుంది కాబట్టి. గ్రేడ్ 5 టైటానియం ప్లేట్‌లో 110 × 70 మిమీ పాకెట్, అంటే ప్లేట్‌లో తవ్వే గుంట. లోతు 25, గోడ మందం 2.5, మూలల్లో 8 మిమీ రేడియస్. బీటీ40 స్పిండిల్ ఉన్న వీఎంసీ (నిలువు స్పిండిల్ సీఎన్‌సీ మిల్లింగ్ మెషిన్), టూల్‌ను పట్టే ఈఆర్32 కొలెట్, 12 మిమీ వ్యాసంతో నాలుగు ఫ్లూట్ల (ఒక్కో ఫ్లూట్‌కి ఒక కోసే అంచు, అదే టూత్) కోటెడ్ కార్బైడ్ ఎండ్ మిల్. మొదట నిమిషానికి 45 మీటర్ల కటింగ్ స్పీడ్, టూత్‌కి 0.05 మిమీ ఫీడ్ (ఒక్కో అంచు వంతుకు టూల్ ముందుకు జరిగే దూరం), 3 మిమీ లోతులో ఫుల్ విడ్త్ కట్‌తో (టూల్ వెడల్పు మొత్తంతో కోయడం) నడిపితే మూలల దగ్గర టూల్ కార్నర్ చిట్లింది. దాంతో టెన్షన్ పడి స్పీడ్ 30కి, ఫీడ్ 0.02కి దించారు. ఇప్పుడు కీచుమనే చప్పుడు పెరిగింది, టూల్ ఇంకా తొందరగా పోతోంది, గోడ పైన ఒక కొలత, కింద ఒక కొలత వస్తోంది. స్పీడ్ ఇంకా తగ్గించాలా, సిరామిక్ టూల్ వాడొచ్చా, ఎం6 ట్యాపులు (రంధ్రంలో 6 మిమీ మర కోసే టూల్స్) ఎందుకు విరుగుతున్నాయి అన్నవి మీ ప్రశ్నలు.

స్పీడ్ ఇంకా తగ్గించకండి. మీ 30 మీటర్లు తప్పేం కాదు, కాస్త పిరికి నంబర్, అంతే. అసలు తప్పు 0.02 ఫీడ్‌లో, ఫుల్ విడ్త్ కట్‌లో ఉంది. టైటానియంలో పారామీటర్లు ఎంచుకునేటప్పుడు ఒక వరుస ఉంటుంది. టూల్ జాబ్‌ను పక్కకు ఎంత వెడల్పున పట్టుకుంటోంది అన్నది మొదట. తెగి వచ్చే మెటల్ ముక్క, అంటే చిప్, మందం ఎంత అన్నది తర్వాత. టూల్ పట్టు, కూలెంట్ ఆ తర్వాత. స్పీడ్ అన్నిటికన్నా చివర. మన దగ్గర చాలా షాపుల్లో ఈ వరుస తలకిందులుగా నడుస్తుంది. టూల్ పోగానే ఆపరేటర్ చెయ్యి ముందు స్పీడ్ తగ్గించే ఓవర్‌రైడ్ నాబ్ మీదకే వెళ్తుంది.

ఎందుకు ఈ వరుస అంటే, ముందు వేడి సంగతి చూడాలి. గ్రేడ్ 5లో 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం, మిగతాది దాదాపు అంతా టైటానియం. దాని థర్మల్ కండక్టివిటీ మీటర్‌కి, డిగ్రీకి సుమారు 6.7 వాట్లు. మామూలు మీడియం కార్బన్ స్టీల్‌కి 50 దరిదాపు, 6061 అల్యూమినియంకి 167. అంటే కటింగ్‌లో పుట్టిన వేడి జాబ్‌లోకీ పోదు, చిప్‌తో పాటు పెద్దగా బయటకీ పోదు. స్టీల్‌లో వేడిలో సగం దాకా టూల్‌లోకి పోతే, టైటానియంలో 80 శాతం దాకా పోతుందని మెషినింగ్ పుస్తకాల్లో రాస్తారు. పైగా చిప్ టూల్ ముఖం మీద చాలా చిన్న మేరే ఆనుతుంది, కాబట్టి ఆ వేడి, ఆ ఒత్తిడి రెండూ అంచుకు ఆనుకుని ఉన్న సన్నని పట్టీ మీదే పడతాయి. టైటానియం చిప్ రంపపు పళ్లలా ఉండటం మీరు గమనించే ఉంటారు. ఆ పళ్లు ఒక్కొక్కటి తెగినప్పుడల్లా అంచు మీద లోడ్ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. వేడెక్కిన టైటానియం టూల్‌కి అంటుకుంటుంది, ఊడేటప్పుడు కార్బైడ్ రేణువుల్ని కూడా లాక్కుపోతుంది. ఇక ఎలాస్టిక్ మాడ్యులస్ 114 గిగాపాస్కల్స్, స్టీల్‌లో ఇంచుమించు సగం. టూల్ నొక్కితే గోడ వెనక్కి జరుగుతుంది, టూల్ దాటాక తిరిగి వచ్చి ఫ్లాంక్‌కి, అంటే అంచు వెనక ముఖానికి, రాసుకుంటుంది. మీ గోడ పైన ఒక కొలత, కింద ఒక కొలత రావడానికి ఇదే కారణం.

ఇప్పుడు మీ 0.02 ఫీడ్ చూద్దాం. కోటింగ్ వేసిన ఎండ్ మిల్ అంచు చేతికి ఎంత షార్ప్‌గా అనిపించినా, మైక్రోస్కోప్ కింద కొంత గుండ్రంగానే ఉంటుంది. ఆ గుండ్రం కొన్ని మైక్రాన్ల నుంచి 20 మైక్రాన్ల దాకా ఉండొచ్చు. 0.02 అంటే 20 మైక్రాన్లే కదా. చిప్ మందం అంచు గుండ్రం కంటే ఎక్కువగా లేకపోతే, మొండి కత్తితో టమాటా కోసినట్టు మెటీరియల్ తెగక నలుగుతుంది. నలిగితే వేడి పుడుతుంది, ఆ వేడిని మోసుకుపోవడానికి సరైన చిప్ ఉండదు. వర్క్ హార్డెనింగ్ (నలిగిన మెటల్ గట్టిపడటం) వల్లే ఇలా అవుతోందని చాలామంది అంటారు. టైటానియంలో అది ఇంకొనెల్ అనే నికెల్ అలాయ్‌లో అంత ఎక్కువ ఉండదు. ఇక్కడ దెబ్బతీసేది ప్రధానంగా రాపిడి, దాంతో పుట్టే వేడి.

దీనికి మీ కొలెట్ తోడైంది. కొంచెం వాడిన ఈఆర్ కొలెట్‌లో టూల్ చివర 0.02 మిమీ రనౌట్ (తిరిగేటప్పుడు సెంటర్ తప్పి ఊగడం) ఉండటం మామూలే. డయల్ గేజ్ పెట్టి చూడండి, అంతకంటే ఎక్కువే కనిపించినా నేను ఆశ్చర్యపోను. నాలుగు ఫ్లూట్ల టూల్‌లో ఆ రనౌట్ ఉంటే ఒక్కో టూత్ వంతు 0.01 మేర అటూ ఇటూ మారుతుంది. మీరు 0.02 అని ప్రోగ్రామ్ చేసినా నిజానికి కొన్ని టూత్‌లు 0.03 తింటాయి, కొన్ని 0.01 తింటాయి. 0.01 తినే టూత్ అస్సలు కోయడం లేదు, రుద్దుతోంది. ఫీడ్ తగ్గించిన కొద్దీ ఈ తేడా శాతం పెరుగుతుంది. మీ మెషిన్ కీచుమంటున్నది ఇందుకే.

మరి మొదట 45 మీటర్లు, 0.05 ఫీడ్ దగ్గర చిట్లింది కదా అంటారు. అక్కడి కారణం వేరు, అది మీ మూలల్లో ఉంది. 8 మిమీ రేడియస్ మూలలో 12 మిమీ టూల్ తిరిగితే టూల్ సెంటర్ నడిచే దారి రేడియస్ 2 మిమీ మాత్రమే. మెషిన్‌లో మీరు ఇచ్చే ఫీడ్ సెంటర్‌కి వర్తిస్తుంది. కానీ కోత జరుగుతున్నది 8 మిమీ రేడియస్ దగ్గర. అంటే ఆ మూలలో అంచు దగ్గర ఫీడ్ 8 భాగం 2, నాలుగు రెట్లు. మీరు 0.05 అనుకుంటున్నప్పుడు టూల్ క్షణకాలం 0.2 తిన్నది. దానికి తోడు మూలలో టూల్ చుట్టూ మెటీరియల్ ఒక్కసారిగా ఎక్కువై, కాంటాక్ట్ కోణం పెరిగింది. రెండూ ఒకే చోట కలిశాయి, కార్నర్ చిట్లింది. మూల రేడియస్‌కీ టూల్ రేడియస్‌కీ తేడా తక్కువగా ఉన్న ఏ పాకెట్‌లోనైనా ఇదే జరుగుతుంది. స్టీల్‌లో టూల్ సర్దుకుపోతుంది, టైటానియంలో సర్దుకోదు.

కాబట్టి మొదటి పని ఫుల్ విడ్త్ కట్ మానేయడం. మీ క్యామ్‌లో, అంటే ప్రోగ్రామ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో, కాంటాక్ట్ కోణాన్ని ఒకేలా ఉంచే టూల్‌పాత్ ఉంటే అది వాడండి. మాస్టర్‌క్యామ్‌లో డైనమిక్ మిల్లింగ్, ఫ్యూజన్‌లో అడాప్టివ్ క్లియరింగ్, సాలిడ్‌క్యామ్‌లో ఐమెషినింగ్. పేర్లు వేరు, పని ఒకటే. లోతు ఎక్కువ, స్టెప్ ఓవర్ (ఒక్కో పాస్‌లో టూల్ పక్కకు పట్టే వెడల్పు) తక్కువ. 12 మిమీ స్టాండర్డ్ లాంగ్ ఎండ్ మిల్‌కి ఫ్లూట్ పొడవు 26 మిమీ ఉంటుంది. మీ పాకెట్ 25. ఒకే దిగుడులో 24 దిగి, అడుగున 1 మిమీ ఉంచుకోండి. స్టెప్ ఓవర్ 1 మిమీ ఇవ్వండి.

ఇక్కడ అందరూ మర్చిపోయే లెక్క ఒకటుంది. స్టెప్ ఓవర్ టూల్ వ్యాసంలో సగం కంటే తక్కువైతే, తెగే చిప్ మందం మీరు ఇచ్చిన ఫీడ్ కంటే సన్నగా వస్తుంది. స్టెప్ ఓవర్‌ను వ్యాసంతో భాగించండి. 1 భాగం 12 అంటే 0.083. దాన్ని 1 మైనస్ 0.083తో గుణించి, వర్గమూలం తీసి, రెండుతో గుణిస్తే 0.55 వస్తుంది. అంటే చిప్ గరిష్ఠ మందం ఫీడ్‌లో 55 శాతమే. టూత్‌కి 0.09 ఇస్తే చిప్ 0.05 మిమీ. అంచు హాయిగా కోయగల మందం అది. 0.02 ఫీడ్‌తోనే ఈ స్టెప్ ఓవర్ పెట్టి ఉంటే చిప్ 0.011 మిమీ వచ్చేది, అంటే పూర్తిగా రుద్దుడు. అందుకే అడాప్టివ్ టూల్‌పాత్ పెట్టి పాత ఫీడే ఉంచినవాళ్లు 'ఇది టైటానియంకి పనికిరాదు' అని తేల్చేస్తుంటారు.

నంబర్లు పక్కపక్కన పెట్టి చూద్దాం. ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) అంటే స్పీడ్‌ను వెయ్యితో గుణించి, 3.14 × వ్యాసంతో భాగించడం. మీ ఇప్పటి సెట్టింగ్‌లో 30 మీటర్లకు 796 ఆర్‌పీఎం, నాలుగు ఫ్లూట్లు, 0.02 ఫీడ్, కాబట్టి టేబుల్ ఫీడ్ నిమిషానికి 64 మిమీ. 3 మిమీ లోతు, 12 వెడల్పు లెక్కన నిమిషానికి 2.3 ఘన సెంటీమీటర్లు తీస్తున్నారు. మీ పాకెట్ మొత్తం 192 ఘన సెంటీమీటర్లు. ఒక్క కోతకే 84 నిమిషాలు. ఇప్పుడు ఐదు ఫ్లూట్ల టూల్‌తో 60 మీటర్ల స్పీడ్, 1592 ఆర్‌పీఎం, టూత్‌కి 0.09, నిమిషానికి 716 మిమీ ఫీడ్, 24 లోతు, 1 మిమీ స్టెప్ ఓవర్ పెట్టండి. నిమిషానికి 17.2 ఘన సెంటీమీటర్లు తీస్తారు. కోత సుమారు 11 నిమిషాల్లో అయిపోతుంది. ఖాళీగా వెనక్కి వచ్చే కదలికలు కలిపి దీనికి రెట్టింపు పట్టినా మీరు బోలెడు లాభంలో ఉన్నట్టే.

స్పీడ్ రెట్టింపు చేశాం కదా, టూల్ మాడిపోదా అంటే, ఫుల్ విడ్త్ కట్‌లో ప్రతి టూత్ చుట్టులో సగభాగం, 180 డిగ్రీలు, మెటీరియల్‌లోనే ఉంటుంది. 1 మిమీ స్టెప్ ఓవర్‌లో 34 డిగ్రీలే. మిగతా 326 డిగ్రీలు గాలిలో, కూలెంట్‌లో చల్లారుతూ తిరుగుతుంది. వేడెక్కే సమయం తక్కువ, చల్లారే సమయం ఎక్కువ. ఆ తేడా వల్లే ఎక్కువ స్పీడ్‌ను అంచు తట్టుకుంటుంది. స్పిండిల్ పవర్ గురించి కంగారు అక్కర్లేదు. ఈ కోతకు ఒక కిలోవాట్ దరిదాపు, టార్క్ 6 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల సరిపోతుంది. బెల్ట్ డ్రైవ్ బీటీ40 స్పిండిల్ కూడా తేలిగ్గా లాగుతుంది. 63 మిమీ ఫేస్ మిల్ పెట్టినప్పుడు మాత్రం తక్కువ ఆర్‌పీఎంలో ఇలాంటి స్పిండిల్స్‌కి టార్క్ చాలదు, అది వేరే కథ.

పాకెట్‌లోకి దిగేది ఎలా? నిలువుగా దించకండి. 20 మిమీ రంధ్రం వచ్చేలా హెలికల్‌గా, అంటే స్క్రూలా చుట్లు తిప్పుతూ, దించండి, ఒక్కో చుట్టుకు 0.9 మిమీ, అంటే సుమారు 2 డిగ్రీల వాలు. ఆ దిగుడు వరకు స్పీడ్ 45 మీటర్లు చాలు, ఫీడ్ కూడా తగ్గించుకోండి. షాపులో 20 మిమీ యూ-డ్రిల్ (ఇన్సర్ట్‌లు బిగించే డ్రిల్) ఉంటే ముందే రంధ్రం వేసుకుని అక్కడి నుంచి మొదలుపెట్టడం ఇంకా మేలు, ఎండ్ మిల్ కొన అలసిపోదు. మొత్తం క్లైంబ్ మిల్లింగే. చిప్ మందంగా మొదలై సన్నగా ముగియాలి. టూల్ బయటకు వచ్చేటప్పుడు చిప్ మందంగా ఉంటే, అంటుకున్న ముక్క ఊడుతూ అంచును కూడా తీసుకుపోతుంది. స్టాక్ అంచు నుంచి లోపలికి వచ్చేటప్పుడు కూడా నేరుగా గుద్దకుండా ఆర్క్‌లో తిప్పుతూ తీసుకురండి.

మూలల కోసం రఫింగ్‌లో (ఎక్కువ మెటీరియల్ తీసే మొదటి కోతలో) పెద్ద రేడియస్ వదిలేసి, ఫినిషింగ్‌లో 10 మిమీ టూల్ వాడితే నాలుగు రెట్లు కాస్తా రెండున్నర పైచిలుకుకి దిగుతుంది. 12 మిమీ టూల్‌తోనే చేయాలంటే మూల ఆర్క్ మీద సెంటర్ ఫీడ్‌ను పావు వంతుకు దించండి. కొన్ని కంట్రోలర్లలో దీనికి ఆటోమేటిక్ సెట్టింగ్ ఉంటుంది, క్యామ్‌లో కూడా ఉంటుంది. అవేవీ లేకపోతే ప్రోగ్రామ్‌లో ఆర్క్ లైన్ల దగ్గర చేత్తో రాసినా పనైపోతుంది.

ఇక స్పీడ్. 1907లో టేలర్ ప్రచురించిన టూల్ లైఫ్ సూత్రం మీరు డిప్లొమాలో చదివే ఉంటారు. స్పీడ్ × లైఫ్ ఘాతం ఎన్ = స్థిరాంకం. కార్బైడ్‌కి ఆ ఎన్ 0.2 నుంచి 0.3 మధ్య అనుకోవచ్చు. 0.25 అయితే, స్పీడ్ 20 శాతం తగ్గిస్తే లైఫ్ 2.4 రెట్లవుతుంది. ఫీడ్ ప్రభావం ఇంత తీవ్రంగా ఉండదు, లోతు ప్రభావం ఇంకా తక్కువ. కాబట్టి ఉత్పత్తిని ఫీడ్, లోతుల నుంచి తెచ్చుకుని, లైఫ్‌ను స్పీడ్‌తో సర్దుకోవాలి. మీరు రెండూ ఒకేసారి తగ్గించారు.

మీ షాపు ఎన్ ఎంతో మీరే తేల్చుకోవచ్చు. ఒకే టూల్ మోడల్‌తో, ఒకే ప్లేట్ మీద, రెండు స్పీడ్‌లలో నడిపి, ఫ్లాంక్ వేర్ 0.2 మిమీకి ఎన్ని నిమిషాల్లో వస్తోందో చూడండి. టర్నింగ్ టూల్స్‌కి ఐఎస్ఓ 3685 ప్రమాణంలో సగటు 0.3 మిమీ అని ఉంటుంది. టైటానియంలో నేను అంతదాకా ఆగను. వేర్ ఒక హద్దు దాటాక ఫ్లాంక్ రాపిడి, వేడి ఒకదాన్నొకటి పెంచుకుంటూ టూల్ ఒక్కసారిగా పోతుంది. పోతూ పోతూ జాబ్‌ను కూడా పాడు చేస్తుంది. కొలవడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు, మామూలు యూఎస్‌బీ మైక్రోస్కోప్ చాలు. లెక్క కోసం 60 మీటర్ల దగ్గర 50 నిమిషాలు, 80 దగ్గర 14 నిమిషాలు వచ్చాయనుకుందాం. 80/60 లాగ్‌ను 50/14 లాగ్‌తో భాగిస్తే ఎన్ 0.226. దాంతో 50 మీటర్ల దగ్గర 112 నిమిషాలు వస్తాయని అంచనా వేయొచ్చు.

ఇప్పుడు రూపాయల్లోకి మారుద్దాం. మెషిన్ గంటకు 900 రూపాయలు, ఎండ్ మిల్ 4,000 అనుకుందాం. మీ అసలు రేట్లు మీకు తెలుసు, అవే వేసుకోండి. 80 మీటర్ల దగ్గర పాకెట్‌కి కోత 8.4 నిమిషాలు. మెషిన్ ఖర్చు 126, టూల్ ఖర్చు 2,400. 60 దగ్గర 11.2 నిమిషాలు, మెషిన్ 168, టూల్ 896. 50 దగ్గర 13.4 నిమిషాలు, మెషిన్ 201, టూల్ 479. పాకెట్‌కి రెండు నిమిషాలు ఎక్కువ ఇస్తే దాదాపు 380 రూపాయలు మిగులుతున్నాయి. టూల్ కంపెనీల కేటలాగ్ స్పీడ్‌లు మన దగ్గర ఎందుకు గిట్టవో ఈ లెక్కలో కనిపిస్తుంది. చాలా కేటలాగుల్లో సిఫార్సు స్పీడ్‌లు సుమారు 15 నిమిషాల టూల్ లైఫ్‌ను దృష్టిలో పెట్టుకుని ఇస్తారు. మెషిన్ గంట రేటు చాలా ఎక్కువగా ఉన్న దేశాల్లో అది సబబే. గంటకు వెయ్యి లోపు రేటు, టూల్ మాత్రం దిగుమతి ధర అయిన హైదరాబాద్ జీడిమెట్ల, బాలానగర్ షాపుల్లో లెక్క తిరగబడుతుంది. సేల్స్ ఇంజనీర్ వచ్చి 90 మీటర్లలో డెమో చూపిస్తే వీడియో బాగుంటుంది. మీరు అడగాల్సింది మాత్రం ఆ టూల్ ఎన్ని పాకెట్లు చేసింది అని.

ఈ సూత్రాన్ని పట్టుకుని 25, 20 మీటర్లకు దిగొద్దు. టేలర్ గీత వేడి వల్ల అరుగుదల జరిగే పరిధిలోనే పనిచేస్తుంది. మరీ దిగువన మెటీరియల్ అంచుకు అంటుకోవడం, ఊడటం, చిట్లడం ముందుకొస్తాయి, లైఫ్ సూత్రం చెప్పినంత పెరగదు. గ్రేడ్ 5 ఎనీల్డ్ (వేడి చేసి మెత్తబరిచిన) ప్లేట్ రఫింగ్‌కి 50 నుంచి 60 మధ్య మొదలుపెట్టండి. డెలివరీ తరుముకొస్తుంటే 70కి పెంచుకోండి, అప్పుడు టూల్ ఖర్చు తెలిసే పెడుతున్నట్టు లెక్క. రీగ్రైండింగ్ చేయించే వసతి ఉంటే ఒక్కో అంచు ఖర్చు తగ్గుతుంది కాబట్టి స్పీడ్ కూడా కాస్త పెంచుకోవచ్చు. ఇంకో సంగతి, రూపాయల లెక్క ఎలా ఉన్నా, ఒక పాకెట్ మధ్యలో టూల్ మార్చాల్సిన పరిస్థితి రాకూడదు. లైఫ్ 50 నిమిషాలు, పాకెట్‌కి 11 నిమిషాలు అయితే నాలుగు పాకెట్లకు మార్చేయండి, ఐదోదానికి ఆశపడొద్దు.

మెటీరియల్ సర్టిఫికెట్ కూడా చూడండి. ప్రత్యేక లోహాలు తయారుచేసే మిధాని లాంటి చోటు నుంచి వచ్చినదైతే హీట్ ట్రీట్‌మెంట్ కండిషన్ స్పష్టంగా రాసి ఉంటుంది. ఎనీల్డ్‌కి పైన చెప్పిన నంబర్లు. సొల్యూషన్ ట్రీట్ చేసి ఏజింగ్ చేసినదైతే (బలం పెంచే హీట్ ట్రీట్‌మెంట్ అది) స్పీడ్ ఓ 20 శాతం తగ్గించండి. 5553 లాంటి బీటా రకం అలాయ్‌లైతే ఇంకా బాగా దిగాలి. ఫోర్జింగ్ అయితే పైన ఆల్ఫా కేస్ అనే ఆక్సిజన్ పట్టిన గట్టి పొర ఉంటుంది. మొదటి కట్ ఆ పొర లోపలికి దిగి కోయాలి, పొరలోనే రాస్తూ పోతే అంచు అక్కడే నాచ్, అంటే గాటు, పడుతుంది.

టూల్ సంగతి. సిరామిక్ వద్దు. ఇంకొనెల్‌ను సిరామిక్‌తో కోసే వీడియోలు చూసి చాలామంది ఇదే అడుగుతున్నారు. టైటానియం వేడి మీద సిరామిక్‌తో రసాయనికంగా కలిసిపోతుంది, అంచు కరిగినట్టు తినేస్తుంది. పీసీడీ (కృత్రిమ వజ్రపు టూల్) ఫినిషింగ్ టర్నింగ్‌లో బాగా పనిచేస్తుంది గానీ మీ పాకెట్‌కి అవసరం లేదు. మైక్రోగ్రెయిన్ కార్బైడ్, సన్నని పీవీడీ కోటింగ్, అల్యూమినియం టైటానియం నైట్రైడ్ రకం చాలు. కోటింగ్ పేరు కంటే ఆకారం ముఖ్యం. ఫ్లూట్ల మధ్య దూరం సమానంగా లేని టూల్ తీసుకోండి, చాటరింగ్ (కోతలో వచ్చే వణుకు) బాగా తగ్గుతుంది. హెలిక్స్ (ఫ్లూట్ మెలిక కోణం) 38 డిగ్రీల దగ్గర, రేక్ (అంచు ముందు ముఖం వాలు) పాజిటివ్. కొన షార్ప్‌గా కాకుండా డ్రాయింగ్ ఒప్పుకున్నంత కార్నర్ రేడియస్, కనీసం 0.5, వీలైతే 1 మిమీ. ఐదు ఫ్లూట్లు, 38 డిగ్రీల హెలిక్స్ అయితే 24 మిమీ లోతులో ఎప్పుడూ కనీసం రెండు టూత్‌లు కోతలో ఉంటాయి, లోడ్ తగ్గుతూ పెరుగుతూ ఊగదు.

పట్టు. డయల్ టూల్ కొన దగ్గర పెట్టి రనౌట్ 0.01 లోపు వచ్చేదాకా కదలకండి. కొలెట్, నట్, టేపర్ శుభ్రం చేయండి, కొలెట్‌ను తిప్పి పెట్టి చూడండి, కొత్తది కొనండి. హైడ్రాలిక్ హోల్డర్ లేదా మిల్లింగ్ చక్ ఒకటి కొంటే టైటానియం పని మీదే దాని డబ్బు తిరిగొస్తుంది. 24 లోతు కోతలో హెలిక్స్ టూల్‌ను కిందికి లాగుతుంది. కొలెట్ పట్టు బలహీనంగా ఉంటే టూల్ మెల్లగా జారి పాకెట్ అడుగులోకి దిగుతుంది, అందుకే ప్రతి పాకెట్ తర్వాత టూల్ పొడవు చెక్ చేసుకోండి. బయటకు ఉంచే పొడవు అవసరానికి మించి ఒక్క మిల్లీమీటర్ కూడా వద్దు. వంగడం పొడవు ఘాతం మూడుతో పెరుగుతుంది. 36 ఉండాల్సింది 45 ఉంటే వంపు దాదాపు రెట్టింపు.

కూలెంట్ గాఢత 8 నుంచి 10 శాతం, రిఫ్రాక్టోమీటర్‌తో చూసి, డబ్బా మీద ఇచ్చిన ఫ్యాక్టర్‌తో గుణించి. హైదరాబాద్ చుట్టుపక్కల బోరు నీళ్లు గట్టివి, ఆర్‌ఓ నీళ్లు కలపండి, లేకపోతే ఎమల్షన్ విడిపోతుంది. స్పిండిల్ లోంచి వచ్చే కూలెంట్ లేకపోతే రెండు నాజిల్స్ సరిగ్గా టూల్ మీద, చిప్స్ పాకెట్ నుంచి బయటకు కొట్టుకుపోయేలా పెట్టండి. లోతు పాకెట్‌లో తెగిన చిప్ మళ్లీ టూల్ కిందికి వస్తే ఎంత మంచి పారామీటర్లైనా వృథా. మధ్యమధ్యలో ఆపి పోయడం మాత్రం చేయకండి, అంచు మీద వేడి-చలి పగుళ్లు వస్తాయి. ఏరోస్పేస్ జాబ్ అయితే క్లోరిన్ ఉన్న కూలెంట్ గురించి కస్టమర్ స్పెసిఫికేషన్‌లో ఏముందో ముందే చూసుకోండి, చాలామంది ఒప్పుకోరు.

చిప్స్ గురించి ఒక్క హెచ్చరిక. టైటానియం మండుతుంది. సన్నని పొడి చిప్స్, ఫినిషింగ్ ధూళి మరీ ప్రమాదం. మంట అంటుకుంటే నీళ్లు పోయకండి, హైడ్రోజన్ పుట్టి మంట ఎగస్తుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కూడా పనికిరాదు. పొడి ఇసుక బకెట్, మెటల్ మంటలకు పనికొచ్చే క్లాస్ డీ సిలిండర్ మెషిన్ పక్కనే ఉండాలి. టైటానియం చిప్స్ స్టీల్ చిప్స్‌తో కలపకుండా మూత ఉన్న డబ్బాలో రోజూ తీసేయండి. అమ్మినప్పుడు ధర కూడా మెరుగ్గా వస్తుంది.

గోడ. 25 ఎత్తు, 2.5 మందం అంటే పదికి ఒకటి, టైటానియంకి ఇది సన్న గోడే. రఫింగ్‌లో వైపుకు 0.5 మిమీ ఉంచండి. బయటి వైపు స్టాక్ ఉండగానే లోపలి పాకెట్ ఫినిష్ చేయండి, గోడకు ఆ స్టాకే ఆసరా. ఫినిషింగ్‌కి కొత్త టూల్ కేటాయించండి, రఫింగ్‌లో అలిసిన టూల్ గోడను కోయకుండా నెడుతుంది. సెమీ ఫినిష్ తర్వాత 0.3 మిమీ ఉంచి, 100 మీటర్లు, అంటే 12 మిమీ టూల్‌కి 2653 ఆర్‌పీఎం, టూత్‌కి 0.07తో కోయండి. 0.3 స్టెప్ ఓవర్‌లో కాంటాక్ట్ బాగా తక్కువ కాబట్టి ఈ స్పీడ్ తట్టుకుంటుంది. పైనుంచి కిందికి మెట్లు మెట్లుగా దిగండి, ఒకేసారి 25 మిమీ మొత్తం పట్టొద్దు. స్టీల్‌లో అలవాటైన స్ప్రింగ్ పాస్, అంటే కొలత మార్చకుండా ఇంకోసారి తిప్పడం, ఇక్కడ మానేయండి. ఏమీ కోయకుండా రుద్దడమే అవుతుంది, కొలత సరికాదు, ఫినిష్ చెడుతుంది. కొలత రాకపోతే సెమీ ఫినిష్‌కీ ఫినిష్‌కీ ఒకే స్టాక్, ఒకే రకం కొత్త అంచు ఇచ్చి, సెమీ ఫినిష్‌లో ఎంత వంగిందో చూసి ఆ మేరకు ఆఫ్‌సెట్ ఇవ్వండి.

చివరగా ఎం6. మీరు 5.0 డ్రిల్ వాడుతుంటారు, అందరూ వాడేదే. దాంతో థ్రెడ్ ఎంగేజ్‌మెంట్ (మర లోతులో పట్టే వంతు) 77 శాతం వస్తుంది. 5.1 వేస్తే 69 శాతానికి దిగుతుంది. 6హెచ్ అనే మామూలు మర టాలరెన్స్‌లో లోపలి వ్యాసం 5.153 దాకా ఒప్పుకుంటుంది కాబట్టి డ్రాయింగ్‌కి ఇబ్బంది లేదు, అయితే డ్రిల్ పెద్దదిగా కోస్తోందేమో ముందు పిన్ గేజ్‌తో చూసుకోండి. రంధ్రం సన్నగా ఉంటే మెటీరియల్ తిరిగి వచ్చి ట్యాప్‌ను పట్టేస్తుంది, విరగడానికి ఎక్కువసార్లు కారణం అదే. రంధ్రం వేసేటప్పుడు లోపల కూలెంట్ ఉన్న కార్బైడ్ డ్రిల్‌కి 30 మీటర్లు, 1870 ఆర్‌పీఎం, చుట్టుకు 0.06. కోబాల్ట్ హెచ్ఎస్ఎస్ అయితే 12 మీటర్లు, 750 ఆర్‌పీఎం. అడుగున డ్వెల్ ఇవ్వకండి, ఆగి తిరిగిన డ్రిల్ ట్యాప్‌కి గట్టి అడుగును వదిలి వెళ్తుంది. ట్యాప్ చేయాలంటే నిమిషానికి 4 మీటర్లు, దాదాపు 210 ఆర్‌పీఎం, కూలెంట్ బదులు ట్యాపింగ్ ఆయిల్. నన్నడిగితే ఇంత కష్టపడి చేసిన జాబ్ చివర్లో ట్యాప్ పెట్టి దేవుడికి దండం పెట్టుకునే కంటే థ్రెడ్ మిల్ (రంధ్రంలో చుట్టూ తిరుగుతూ మర కోసే టూల్) కొనండి. అది విరిగినా రంధ్రం కంటే సన్నది కాబట్టి ముక్క బయటకు వస్తుంది, జాబ్ బతుకుతుంది.